నా దగ్గర్నుంచి నడిచే వెళ్ళారు

1999లో నర్సీపట్నం బస్ కాంప్లెక్సు వెనక సందులో నాకొక గది ఉండేది. పక్కన టైలరు షాపు, ఎదురుగా జీడిపిక్కలు కాల్చి కొట్టే పాక. చెరకు ఆడే రోజుల్లో సందు చివర బళ్ళు నిలిచిపోయేవి. ఎడ్ల గంటల చప్పుడు, చెరకు రసం వాసన, పాకలోంచి వచ్చే పొగ అన్నీ కలిసి నా గదిలోకి వచ్చేవి. గదిలో మంచం లేదు. నేల మీద చాప, చాప మీద మందపాటి బొంత. గుమ్మం పైన బోర్డు మీద ‘షియాట్సు’ అని పెద్దగా, కింద ‘జపాను వేలి ఒత్తిడి చికిత్స’ అని చిన్నగా రాయించాను.

చిన్న అక్షరాలు ఎవరూ చదివేవారు కాదు. గది తెరిచిన కొత్తలో ఒక పెద్దాయన వచ్చి గుమ్మంలో చతికిలబడి, “బాబూ, ఆ శివట్టు ఒకటెయ్యి. ఉల్లిపాయలు దండిగా ఎయ్యి,” అన్నాడు. టైలరు మిషను ఆపి మరీ నవ్వాడు. చాలాకాలం ఆ సందులో నా పేరు శివట్టు బాబే.

షి అంటే వేలు, అట్సు అంటే ఒత్తిడి. విశాఖపట్నంలో మా గురువుగారు ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. జపాను రేవుల్లో ఓడ ఆగినప్పుడల్లా దిగి నేర్చుకున్న విద్య ఇది. మాలిషుకీ దీనికీ పోలిక లేదు. నూనె ఉండదు, బట్టలు విప్పే పని లేదు. మనిషి నేల మీద పడుకుంటాడు, మనం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటాం. బొటనవేలితో, అరచేతితో, అవసరమైతే మోచేతితో నొక్కుతాం. కండబలం వాడకూడదు. చెయ్యి తిన్నగా ఉంచి, ఒంటి బరువు నెమ్మదిగా దాని మీదికి వాల్చాలి. అవతలి మనిషి ఊపిరి వదులుతున్నప్పుడు నొక్కాలి, కాస్త ఆగాలి, మెల్లగా తియ్యాలి. ఒక చెయ్యి నొక్కుతున్నంతసేపూ రెండో చెయ్యి కదలకుండా ఒంటి మీద ఆని ఉండాలి. దాన్ని మదర్ హ్యాండ్ అంటారు, తల్లి చెయ్యి. కండ బిగుసుకుంటే, ఊపిరి ఆగితే, నొప్పికి ఒళ్ళు ఉలిక్కిపడితే ముందు తెలిసేది ఆ చేతికే.

నొక్కే చోట్లని త్సుబో అంటారు, కుండ అని అర్థం. అవి ఉండే దారుల్ని మెరిడియన్లు అంటారు. ఆ దారుల్లో ‘కి’ అనే ప్రాణశక్తి నడుస్తుందని, అడ్డం పడినచోట ఒత్తిడితో దారి ఇస్తామని జపాను వాళ్ళ లెక్క. “కోసి చూస్తే ఆ దారులు కనబడవు. అదొక పటం అనుకో. పటం పట్టుకుని నడిస్తే చాలాసార్లు ఊరు చేరతాం,” అనేవారు గురువుగారు. మెడ బిగుతు, భుజాల నొప్పి, దిగుళ్ళతో వచ్చే తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, వీటికి మంచి ఉపశమనం ఇస్తుంది. నా బొంత మీద గురక పెట్టని బస్సు డ్రైవరు లేడు. అయితే కొన్నిటికి చెయ్యి వెయ్యకూడదు. జ్వరం, విరిగిన ఎముక, ఉన్నట్టుండి వాచి ఎర్రబడిన పిక్క. వీటన్నిటికంటే ముఖ్యంగా, నొప్పితో పాటు కాలిలో బలం తగ్గిందంటే ఆ పూటే డాక్టరు దగ్గరికి పంపాలి. ఇలాంటి గుర్తుల్ని రెడ్ ఫ్లాగ్స్ అంటారు. రైలుకి ఎర్రజెండా ఎలాగో అలాగ.

మా ఊరి వాళ్ళకి మాత్రం మెత్తని చికిత్స మీద నమ్మకం లేదు. “అంత మెల్లిగా నొక్కితే ఏటవుద్ది బాబూ? సీమ పాకినట్టుంది,” అనేవారు. రెండో ప్రశ్న ఇంకా గట్టిది: “నువ్వేటి, ఎదురుకాళ్ళతో పుట్టినావా?”

తల ముందు రాకుండా కాళ్ళు ముందు వచ్చి పుట్టినవాళ్ళని ఎదురుకాళ్ళవాళ్ళు అంటారు. నడుం పట్టినప్పుడు వాళ్ళ చేత తన్నించుకుంటే పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. మా సందులో అలాంటి మనిషి నూకరత్నం. ఎదురు పాకలో జీడిపిక్కలు కొట్టేది. అప్పటికి నలభై అయిదు దాటి ఉంటాయి. జీడిసొన కారి రెండు చేతులూ నల్లగా కమిలిపోయి ఉండేవి. వారానికి ఇద్దరు ముగ్గురైనా ఆవిడని పిలవడానికి వచ్చేవారు. పైసా తీసుకునేది కాదు, తీసుకుంటే పని చెయ్యదట. కాళ్ళు కడుక్కుని వెళ్ళి వచ్చి మళ్ళీ పిక్కల దగ్గర కూర్చునేది.

ఒకరోజు ఆవిడ భుజం నొప్పితో నా దగ్గరికే వచ్చింది. టైలరు ఊరుకుంటాడా? “ఏటే రత్నం, నీ కాలు నీ బుజానికి అందలేదేటి?” అన్నాడు.

“అందితే ముందు నీ మూతికే తగిలిద్దును,” అంది, బొంత మీద కూర్చుంటూ.

నొక్కుతూ అడిగాను. “పిన్నీ, అసలు మీరు ఎంత గట్టిగా తన్నుతారు?”

“తన్నడమేటి బాబూ! బరువెయ్యకూడదు. ఎడం మడం అలా తగిలించి తీసీడమే. బిడ్డని కాల్తో నిమిరినట్టు.” మళ్ళీ తనే అంది, “నాను పుట్టినప్పుడు మాయమ్మ మూడ్రోజులు కొట్టుకున్నాదంట. బతికినన్నాళ్ళూ నన్ను పేరెట్టి పిలవలేదు. ఎదురుకాళ్ళదానా అనే. తర్వాత ఎవులో పెద్దాయనకి నడుం పట్టీస్తే నన్నెత్తుకెళ్ళి నా కాలెట్టించినారు. ఆయన లెగిసి కూకున్నాడంట. ఆ రోజు మాయమ్మ నా కాళ్ళకి పసుపు రాసింది బాబూ.”

ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ భుజం నా వేలి కింద వదులైంది. బాగా గుర్తుంది.

ఆ ఏడు చెరకు నరికే రోజుల్లోనే సన్యాసినాయుడు గారు వచ్చారు. మాకవరపాలెం దగ్గర ఊరి పెద్ద రైతు. మాట పెద్దది, మనిషీ పెద్దే. వెంట భార్య వరహాలమ్మ గారు.

“ఏటయ్యా, జపానోళ్ళకి నడుములుంటాయేటి? బొమ్మల్లాగుంటారు కదా,” అన్నారు గుమ్మంలోనే.

“ముందు తొంగోండి. ఆ బాబుని సూడనివ్వండి,” అందావిడ.

బొంత మీద బోర్లా పడుకుని చెప్పారు. “నడుంలో మొదలెట్టి ఎడం తొడెనకనించి పిక్కలోకి దిగిపోతంది. మోపు ఎత్తినప్పుడు పట్టుకుంది. ఇంకోటి, ఈ మద్దిన ఎడం చెప్పు ఊరికే జారిపోతంది. పాతదైపోనాదని కొత్త జత కొన్నాను. అదీ జారిపోతంది. ఇప్పుడన్నీ బొంబాయి సరుకు, మన కాళ్ళకి నప్పవు.”

నేను నవ్వాను. నడుం కింద రెండు పక్కలా అరచేత్తో, పిరుదు మీద బొటనవేలితో నెమ్మదిగా చేశాను. ఆయన ఊపిరి పొడుగైంది. కండ వదిలింది. చివర్లో వెల్లకిలా తిప్పి, గురువుగారు నేర్పిన అలవాటు కొద్దీ, “రెండు కాళ్ళ బొటనవేళ్ళూ ముక్కువైపు ఎత్తండి,” అన్నాను.

కుడి వేలు లేచింది. ఎడమది కొద్దిగా వణికి, అలాగే ఉండిపోయింది.

చెప్పు ఎందుకు జారుతోందో నాకు అర్థమైంది. నడుంలో జారిన డిస్కు నరాన్ని నొక్కుతోంది. పాదాన్ని ఎత్తే బలం పోతోంది. ఇది నా పని కాదు. వెంటనే విశాఖపట్నం పంపాలి. నోటి దాకా వచ్చింది. ఈలోగా ఆయన గోడ పట్టుకుని లేచి నిలబడి, “ఓలమ్మా, తేలికైపోనాదే! వరాలూ, మనూరోళ్ళందర్నీ ఇక్కడికి తోలీవచ్చు,” అన్నారు. టైలరు తల బయటికి పెట్టి చూస్తున్నాడు. అంత పెద్దమనిషి నా గదిలో నిలబడి నన్ను పొగడడం అదే మొదలు. “గురువారం మళ్ళీ రండి,” అన్నాను.

ఆయన గురువారం దాకా ఆగలేకపోయారు. నొప్పి తిరగబడితే ఇంటివాళ్ళు పొద్దున్నే బండి కట్టి పంపి నూకరత్నాన్ని తీసుకెళ్ళారు. ఆవిడ మడమ తగిలించి వచ్చింది. మర్నాటికి ఆయన రెండు కాళ్ళూ మొద్దుబారాయి, మూత్రం ఆగిపోయింది. విశాఖపట్నంలో ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది, కుడి కాలు కోలుకుంది. ఎడమ పాదం మాత్రం నేలకి వేలాడిపోయింది.

ఆసుపత్రి నుంచి బట్టల కోసం ఊరికి వచ్చినప్పుడు వరహాలమ్మ గారు మా సందుకి వచ్చారు. నేరుగా పాక దగ్గరికి వెళ్ళారు.

“ఎదురుకాళ్ళదానా! పుడతానే తల్లిని మింగబోనావు. ఇప్పుడు నా మొగుడి కాలు మింగీసినావు కదే!”

నూకరత్నం చేతిలో పిక్క పడేసి లేచింది. “అమ్మా, నాను బరువెయ్యలేదమ్మా. మడం తగిలించినానంతే. మీరు పక్కనే ఉన్నారు కదా.”

“తగిలిస్తే సచ్చుబడిపోద్దేటి? నీ కాల్లో ఏటున్నాదే?”

పాకలో ఆడవాళ్ళంతా పని ఆపేశారు. బస్సు కోసం వెళ్ళేవాళ్ళు ఆగారు. ఎవరో అన్నారు, “ఎదురుకాళ్ళు మంచిక్కాదని మాయమ్మ అప్పుడే సెప్పింది.” నూకరత్నం చుట్టూ చూసి, గుమ్మంలో నిలబడి ఉన్న నన్ను చూసింది.

“బాబూ, నాయుడు గారు ముందర నీ కాడికే కదా వచ్చినారు. నువ్వు సెప్పు. అప్పుడెలాగున్నారు?”

వేలు లేవలేదని చెప్తే చాలు. అలా చెప్తే తర్వాత వచ్చే ప్రశ్న కూడా నాకు తెలుసు: మరి చూసి ఎందుకు ఊరుకున్నావు?

“నా దగ్గర్నుంచి నడిచే వెళ్ళారు,” అన్నాను.

అందులో అబద్ధం లేదు. ఆయన నడిచే వెళ్ళారు. కానీ ఆ ఒక్క మాటతో సందులో జనానికి లెక్క తేలిపోయింది. వరహాలమ్మ గారు నేల మీద ఉమ్మి వెళ్ళిపోయారు. నేను లోపలికి వచ్చి బొంత దులుపుకుంటూ కూర్చున్నాను.

ఆ తర్వాత నూకరత్నాన్ని ఎవరూ పిలవలేదు. పిలవకపోతే పోయింది, ఎదురుపడడానికే భయపడ్డారు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు పాక వైపు రావడం మానేశారు. మెట్టు మీద ఆవిడ అడుగు పడితే నీళ్ళు పోసి కడిగారు. ఒకప్పుడు పసుపు రాయించుకున్న కాళ్ళు ఆవిడ చీర కుచ్చిళ్ళ కింద దాచుకుని కూర్చునేది. రెండేళ్ళ తర్వాత నాతవరంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నా గది ముందు మాత్రం జనం పెరిగారు. పక్క గది కూడా తీసుకుని గోడ కొట్టించాను. నమ్మకస్తుడినని పేరొచ్చింది.

ఏడేళ్ళు గడిచాయి. ఎడ్లబళ్ళ చోట ట్రాక్టర్లు వచ్చాయి. జీడిపిక్కల పాక తీసేసి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. ఒక సాయంత్రం కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు గుమస్తా నా బొంత మీద పడుకుని ఉండగా కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది. అతను కళ్ళు తెరవకుండానే, “నూకరత్నం కాలు తగిలినట్టుందండీ,” అన్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది. “ఎవరు?”

“ఏమోనండి. ఇక్కడందరూ అంటారు కదా. స్కూటరు స్టార్టవకపోతే అంటారు, పాలు విరిగితే అంటారు. ఎవరో గ్రామదేవత పేరనుకున్నాను.”

తరచి చూస్తే నిజమే. హోటల్లో, కూరగాయల బజారులో, ఆటో స్టాండులో ఆ మాట నలుగుతోంది. నేను చాలాసార్లు వినే ఉంటాను, పట్టించుకోనట్టు నటించి ఉంటాను. బతికున్న మనిషి పేరు కీడుకి మారుపేరు అయిపోయింది. నా నోట్లోంచి వచ్చిన ఒక్క వాక్యంలోంచి అది మొలిచింది.

ముందు నాయుడు గారి దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నారు. వేలు సంగతి చెప్పాను. ఆయన కర్ర కొసతో తన ఎడమ పాదాన్ని కాస్త జరిపి చూసుకున్నారు. “అయితే చెప్పు తప్పు కాదన్నమాట,” అన్నారు. మళ్ళీ, “అప్పుడే పంపుంటే?” అన్నారు.

“బాగై ఉండేదేమోనండి. కచ్చితంగా చెప్పలేను. నేను నొక్కడం వల్ల పెరిగిందా అన్నదీ చెప్పలేను. తర్వాత ఒక సర్జనుని అడిగాను, ఆయనా చెప్పలేనన్నారు. రత్నం గారి మడమ వల్ల మాత్రం కాదు.”

గడపలో నిలబడి వింటున్న వరహాలమ్మ గారు ఒక్కమాటే అన్నారు. “దానికి సెప్పినావా?” జవాబు వినకుండా లోపలికి వెళ్ళిపోయారు.

నాతవరం షేరాటోలో వెళ్ళాను. నూకరత్నం కూతురి ఇంటి వసారాలో చింతపండు పిక్కలు తీస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి కాళ్ళు చీర కిందికి లాక్కుంది. నేను మొత్తం చెప్పాను. వింటున్నంతసేపూ ఆవిడ చెయ్యి ఆగలేదు.

“నాకెందుకు సెప్తావు బాబూ?” అంది చివరికి. “నాను బరువెయ్యలేదని నాకు తెల్దేటి? నీకు తెల్సని కూడా నాకు తెల్సు.”

“ఎలా పిన్నీ?”

“సందులో అందరూ నా మొకమే సూసినారు. నువ్వొక్కడివే సూళ్ళేదు.” చింతపండు చేట పక్కకి నెట్టి లేచి నిలబడింది. “తెలీనోళ్ళకి సెప్పు. పేరెట్టి సెప్పు.” వీధి వైపు తిరిగి కేకేసింది. “ఓలే, ఓపాలి ఇలా రండే! నర్సీపట్నం నించి బాబొచ్చినాడు. ఏటో సెప్తాడంట!”

కూతురు వచ్చింది. అల్లుడు వచ్చాడు. ఇరుగు పొరుగు ఆడవాళ్ళు ఏడెనిమిది మంది, వాళ్ళ వెనక ఒక ముసలమ్మ గోడ పట్టుకుని వచ్చారు. వసారా మెట్టు మీద నిలబడి మళ్ళీ చెప్పాను. ఈసారి కష్టమైంది. ఒకరి ముందు చెప్పుకుంటే ఏడ్చి ఊరుకోవచ్చు. పదిమంది ముందు ముక్క ముక్కా వరసగా చెప్పాలి: వేలు లేవలేదు, నేను చూశాను, పంపలేదు, తర్వాత అడిగితే చెప్పలేదు. అల్లుడు పళ్ళు బిగించి, “సదూకున్నోడివి కదయ్యా,” అన్నాడు. కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు ఆ ముసలమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, వసారాలో నేల మీద బోర్లా పడుకుంది.

“ఓలే రత్నం, అయితే ఈ నడుం మీద ఓపాలి కాలెట్టవే.”

“లెగవే ముసిలీ,” అంది నూకరత్నం. “ఇన్నేళ్ళూ నాకెదురుపడకండా గోడవారనించి ఎళ్ళిపోయినావు.”

“ఇప్పుడు పడ్డాను కదేటి? బేగి పెట్టు. నేల సల్లగున్నాది, తర్వాత లెగలేను.”

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నూకరత్నం నవ్వలేదు. పెరట్లోకి వెళ్ళింది. కుండలోంచి కాళ్ళ మీద నీళ్ళు ఒంపుకుంటున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

అక్కడ నేను చెయ్యవలసింది ఏమీ లేదు. చెప్పులేసుకుని రోడ్డు మీదికి వచ్చేశాను.

మడమ తగిలిస్తే నడుం బాగవుతుందని ఈ రోజుకీ నేను అనను. వేలితో నొక్కితే అన్నీ బాగవుతాయనీ అనను. ఇప్పుడు నా దగ్గరికి నడుం నొప్పి అని ఎవరొచ్చినా ముందు నడిపించి చూస్తాను, మడమల మీద నిలబెట్టి చూస్తాను, అనుమానం వస్తే బొంత మీద పడుకోనివ్వకుండానే ఆసుపత్రికి పంపుతాను. కొందరు కోపగించుకుని వెళ్ళిపోతారు. పోనీ అనుకుంటాను. చూసింది చూసినట్టు ఆ పూటే చెప్పెయ్యడం కూడా చికిత్సలో భాగమేనని తెలిసేసరికి ఒక మనిషి కాలు, ఇంకో మనిషి పేరు పోయాయి.

నర్సీపట్నంలో ఇప్పటికీ ఆ మాట అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. సన్యాసినాయుడు గారి కాలు నూకరత్నం తాకకముందే పడిపోయింది. నేను చూశాను.